లెక్కలేనన్ని పళ్ళేలు

కుజే మినెకో టీచరుగారికి ముప్పై ఏడేళ్ళ ఉద్యోగంలో రెండే రెండు విషయాల మీద పట్టుదల ఉండేది. గుణకారం రాసేటప్పుడు ముందు రాయాల్సింది ముందే రాయాలి, అది ఒకటి. తప్పు చేసినవాళ్ళు దాన్ని దిద్ది మూడు రోజుల్లోగా తెచ్చి చూపించాలి, అది రెండోది. ఈ రెండూ సవ్యంగా జరిగితే మిగతా లోకం ఎలా నడిచినా ఆవిడకు అభ్యంతరం లేదు.

మా కొండ ఊళ్ళో ఇవాళ కూరగాయలు అమ్మేవాళ్ళూ, బస్సు నడిపేవాళ్ళూ, ఊరి ఆఫీసులో ముద్రలు కొట్టేవాళ్ళూ సగం మంది ఆవిడ దగ్గర రెండో తరగతి చదివినవాళ్ళే. గుణకారం మొదలుపెట్టే రోజున ఆవిడ బల్ల మీద అయిదు పళ్ళేలు పరిచి, ఒక్కోదాంట్లో మూడేసి దంగోలు పెట్టేది. బియ్యప్పిండి ఉండలు కళ్ళెదుట ఉంటే ఏ పిల్లవాడూ కిటికీ వైపు చూడడని ఆవిడకు తెలుసు.

"ముందు ఒక పళ్ళెంలో ఎన్ని ఉన్నాయో రాయాలి. తరవాత పళ్ళేలెన్నో రాయాలి. మూడు ఇంటూ అయిదు. తిప్పి అయిదు ఇంటూ మూడు అని రాశారా, అయిదేసి దంగోలున్న పళ్ళేలు మూడని అర్థం. జవాబు పదిహేనే వస్తుంది. కానీ మీరు చెప్పింది వేరే కథ."

ఎటు గుణించినా పదిహేనే కదా టీచరుగారూ, మా పిల్లాడికి ఎందుకు కొట్టేశారని తల్లిదండ్రులు పోట్లాటకొచ్చేవాళ్ళు. ఆవిడ వాళ్ళకు టీ పోసి, పిల్లాడి కథ ఏమిటో ఓపిగ్గా వివరించి, కొట్టివేతను మాత్రం అలాగే ఉంచి పంపేసేది. సరిగ్గా రాసినవాళ్ళకు ఎర్రసిరాతో సున్నా చుట్టి, చుట్టూ రేకులు గీసి పువ్వు చేసి ఇచ్చేది. ఆ పువ్వు కోసం మా ఊళ్ళో ఏడవని పిల్లలు లేరు. తప్పు రాసినవాళ్ళు కూడా మూడు రోజుల్లో దిద్ది తెచ్చి, ఆలస్యంగానైనా పువ్వు వేయించుకునేవాళ్ళు. ముప్పై ఏడేళ్ళలో ఆవిడకు తిరిగి రాని దిద్దుబాటు ఒకే ఒక్కటి.

ఉద్యోగం అయిపోయినా ఆ గుణం పోలేదు. కూతురు చిగుసా మొదటిసారి ఇంటికి తీసుకొచ్చిన అబ్బాయి చాప్‌స్టిక్స్ పట్టుకునే తీరు బాగాలేదని, భోజనం మధ్యలో ఒక గిన్నెలోంచి ఇంకో గిన్నెలోకి చిక్కుడుగింజలు ఎత్తించింది. ముప్పై గింజలు. అతను మళ్ళీ రాలేదు. రెండో అబ్బాయి కొత్త సంవత్సరం కార్డు మీద సంతకం చేస్తుంటే పక్కన నిలబడి చూసి, అక్షరంలో గీతల వరస తప్పిందని పట్టుకుంది. అది అతని సొంత పేరు. అతనూ రాలేదు. చిగుసాకి ముప్పై రెండేళ్ళు నిండాయి. భర్త పోయి ఆరేళ్ళయిన మినెకోకి, నెలకు రెండుసార్లు నాగోయా నుంచి రైలు దిగే ఆ పిల్ల తప్ప ఇంట్లో మాట్లాడడానికి మనిషి లేదు.

అలాంటి చిగుసా మార్చిలో ఫోన్ చేసింది.

"అమ్మా, హిగన్ సెలవుకి ఒకతన్ని తీసుకొస్తున్నా. ముందే చెప్తున్నా విను. ఈసారి నీ ఎర్రపెన్ను బయటికొచ్చిందా, నేను మళ్ళీ ఆ గుమ్మం తొక్కను."

"నేనేమన్నానే నిన్ను..."

"నన్నేమీ అనలేదు. వచ్చినవాళ్ళనే అన్నావు. నిజంగా చెప్తున్నానమ్మా, బెదిరింపు కాదు. ఈసారి ఇంక రాను."

"సరేలే. ఎవరా అబ్బాయి?"

"నుమాతా మసనారి. కాలేజీలో లెక్కలు చెప్తాడు. చిన్నప్పుడు మన ఊళ్ళోనే ఉండేవాడట. నీకు గుర్తుందా?"

మినెకో చేతిలో ఫోను చెవికి అంటుకుపోయింది. గుర్తుండకపోవడమేమిటి! తిరిగి రాని ఆ ఒక్క దిద్దుబాటు వాడిదే. రెండో తరగతి, కిటికీ పక్క వరసలో మూడో బల్ల. చలికాలంలో లెక్క తప్పు రాశాడు, దిద్ది తెమ్మంటే తేలేదు. రెండుసార్లు అడిగింది. తల వంచుకుని నిలబడ్డాడు. మార్చిలో బడి మూసేసరికి వాళ్ళమ్మతో కలిసి ఊరు వదిలి వెళ్ళిపోయాడు.

"ఏమో, ఎంతమంది పిల్లలో, ఎవరు గుర్తుంటారు," అంది మినెకో. అబద్ధమాడడం ఆవిడకు చేతకాదు. ఫోను పెట్టేశాక కూడా చెవులు వేడిగానే ఉన్నాయి.

ఆ వారమంతా ఆవిడ తనతో తనే ఒప్పందాలు చేసుకుంది. దిద్దుబాటు మాట ఎత్తకూడదు. చెప్పులు ఎలా విడిచినా చూడకూడదు. ఎర్రపెన్ను టేబులు సొరుగులో ఉంటే చెయ్యి దానికదే వెళుతుందని, తీసి బియ్యం డబ్బాలో అడుగుకంటా దూర్చింది. ఇరవయ్యారేళ్ళ కిందటి లెక్క కోసం కూతుర్ని పోగొట్టుకునేంత వెర్రిదాన్ని కానని, భర్త ఫోటో ముందు కూర్చుని పైకే అంది. ఫోటోలో ఆయన నమ్మినట్టు కనిపించలేదు.

పెద్దలను తలుచుకునే హిగన్ రోజు పొద్దున్నే మినెకో సమాధి కడిగి, పూలు పెట్టి వచ్చి, దంగో పిండి పిసికి, చెక్క తొట్టిలో తడిగుడ్డ కప్పి ఉంచింది. పదకొండు గంటలకు వాళ్ళిద్దరూ వచ్చారు. మూడో బల్ల పిల్లవాడు పొడుగ్గా ఎదిగాడు. ముప్పై మూడేళ్ళకే చెవుల దగ్గర నాలుగు తెల్ల వెంట్రుకలు. చెప్పులు వాకిలి వైపు తిప్పి పెట్టాడు గానీ, ఎడమది ఒక అంగుళం వెనక్కి ఉంది. మినెకో గోడ వైపు తిరిగి ఊపిరి తీసుకుంది.

"రండి, రండి. చలిగా ఉందా రైల్లో? కూర్చోండి."

"టీచరుగారూ, మీరు నన్ను 'మీరు' అంటుంటే భయమేస్తోంది. బడి నుంచి ఇంటికి ఫిర్యాదు వెళ్ళేటట్టుంది," అన్నాడు మసనారి.

చిగుసా నవ్వింది. మినెకో కూడా నవ్వి, ఆ నవ్వులో అదుపు తప్పింది. "అప్పుడు పుల్లలా ఉండేవాడివి. కిటికీ పక్కన మూడో బల్ల. ఆ దిద్దు..." అని నాలుక కరుచుకుంది.

"గుర్తులేదన్నావుగా!" అంది చిగుసా.

"ఇప్పుడు చూస్తే గుర్తొచ్చింది. ముందు నాన్నకి దణ్ణం పెట్టండి, టీ తెస్తా."

అతను భర్త ఫోటో ముందు కూర్చుని అగరుబత్తి వెలిగించాడు. ఊదకుండా చేత్తో విసిరి మంట ఆర్పాడు. మినెకో తలుపు వారనుంచి చూసి మనసులో ఒక చిన్న పువ్వు వేసింది. ఇంతవరకూ బాగానే నడిచింది. టీ అయ్యేదాకా కూడా బాగానే నడిచేది. కానీ మసనారి సంచిలోంచి ప్లాస్టిక్ కవరొకటి తీసి, రెండు చేతులతో పట్టుకుని బల్ల మీద పెట్టాడు.

"టీచరుగారూ, నేను మీకొకటి చూపించాలి. ఇరవయ్యారేళ్ళు ఆలస్యమైంది."

కవరులో మడతల దగ్గర చిరుగుపట్టిన కాగితం. మినెకో దాన్ని చూడగానే గుర్తుపట్టింది. పిల్లలు సొంతంగా గుణకారం లెక్క తయారుచేసి తెచ్చే ఇంటిపని. చిగుసా ముందుకు వంగి పైకి చదివింది.

"'పళ్ళేలు లెక్కలేనన్ని ఉన్నాయి. ఒక్కో పళ్ళెంలో దంగోలు సున్నా. మొత్తం ఎన్ని?' కింద 'లెక్కలేనన్ని ఇంటూ సున్నా' అని రాసి, జవాబు రాయకుండా వదిలేశావు. అమ్మ దాన్ని కొట్టేసి, 'వరస తప్పు. ముందు ఒక పళ్ళెంలో ఎన్నో రాయాలి. సున్నా ఇంటూ లెక్కలేనన్ని. జవాబు సున్నా. దిద్ది తీసుకురా' అని రాసింది." చిగుసా నవ్వబోయి ఆగింది. "అమ్మా! ఏడేళ్ళ పిల్లాడు అంతులేనిదాన్ని సున్నాతో గుణిస్తానని వస్తే, నీకు కనిపించింది వరసేనా?"

మినెకో ఒప్పందాలన్నీ గుర్తుతెచ్చుకుంది. పెదవులు బిగించింది. పదిదాకా లెక్కపెట్టింది. ఏడు దగ్గర నోరు తెరుచుకుంది.

"దిద్దుబాటేది మరి?"

"అమ్మా!"

"కాదే, అతనే కదా తెచ్చాడు! ఇది పాత కాగితం. దిద్ది తెచ్చింది ఎక్కడ?"

"తేలేదండీ," అన్నాడు మసనారి. "చాలాసార్లు రాద్దామని కూర్చున్నాను. దిద్దలేకపోయాను."

"లెక్కలు చెప్పేవాడివి, ఇందులో దిద్దలేకపోవడానికి ఏముంది? అటుది ఇటు, ఇటుది అటు. ఇదిగో, ఇప్పుడైనా రాయి, ఒక్క నిమిషం పని," అంటూ ఆవిడ లేచి వంటింట్లోకి నడిచింది.

చిగుసా వెనకే వచ్చింది. తల్లి బియ్యం డబ్బాలో మోచేతిదాకా చెయ్యి పెట్టి వెతుకుతోంది.

"ఏం చేస్తున్నావు?"

మినెకో చెయ్యి బయటికి తీసింది. పిడికిట్లో ఎర్రపెన్ను, బట్టలకు బియ్యపు గింజలు.

చిగుసా వెనక్కి తిరిగి, వాకిట్లోకి పోయి, సంచి భుజాన వేసుకుంది. అరిస్తే మినెకో తట్టుకునేది. అరవలేదు. ఆ తలుపు ఇప్పుడు మూసుకుంటే మళ్ళీ తెరుచుకోదని ఆవిడకు స్పష్టంగా తెలుసు. వెళ్ళకే అని ఒక్క మాట అంటే సరిపోతుంది. అదే ఆవిడకు చేతకాదు. పెన్ను మాత్రం చేతిలోనే ఉంది.

"చిగుసా, కూర్చో," అన్నాడు మసనారి. "టీచరుగారు అడిగింది న్యాయమే. నా దగ్గర దిద్దుబాటు ఉండాలి, లేదు. లేకపోతే ఎందుకు లేదో చెప్పాలి." అని వంటింట్లోకి తొంగి చూశాడు. "ఆ తొట్టిలోది దంగో పిండేనా అండీ? కొంచెం వాడుకోవచ్చా?"

చొక్కా చేతులు మడిచి, చేతులు కడుక్కుని, అతను తడిగుడ్డ తీశాడు. పిండిని వేలితో నొక్కి చూసి, రెండు చుక్కలు నీళ్ళు చల్లి మళ్ళీ పిసికాడు. ఆ పిసకడం చూసి మినెకో ఆశ్చర్యపోయింది. లెక్కలవాళ్ళ చెయ్యి కాదది. ఎడమచెయ్యే ఎక్కువగా ఆడుతోంది.

"ఇది ఒక ముద్ద. రెండుగా కోస్తున్నా. ముక్కలు రెండు, ఒక్కోటి సగం. మొత్తం ఎంతండీ?"

"ఒక ముద్ద," అంది మినెకో. పిల్లల్ని అడిగే గొంతుతో తననే అడుగుతుంటే ఆవిడకు ఒళ్ళు మండింది గానీ, జవాబు మాత్రం ఠక్కున చెప్పింది.

"మళ్ళీ కోస్తే నాలుగు, ఒక్కోటి పావు. మళ్ళీ కోస్తే ఎనిమిది. ఇలా కోస్తూనే పోతే ముక్కలు పెరుగుతాయి, ఒక్కో ముక్క నువ్వుగింజంత అవుతుంది, ఇంకా కోస్తే అదీ ఉండదు. చివరికి ముక్కలు లెక్కలేనన్ని, ఒక్కోటి సున్నా. అప్పుడు మొత్తం?"

మినెకో పిండి వైపు చూసింది. "ఒక ముద్దే. ఎక్కడికి పోతుంది?"

"మరి మీరు సున్నా అని రాశారే?"

వాకిట్లో చిగుసా సంచి దించలేదు గానీ, వంటింటి గుమ్మం దాకా వచ్చి నిలబడింది.

"ఇంకోలా చేద్దాం. ప్రతి ముక్కనీ నాలుగు చేసి, అందులో రెండు పారేస్తున్నా. ముక్కలు పెరుగుతూనే ఉన్నాయి. కానీ కోసిన ప్రతిసారీ పిండిలో సగం పోతోంది. అలా పోతే మొత్తం సున్నా అవుతుంది. అదే, ఎవరైనా వెనకనుంచి పిండి కలిపి పోస్తూనే ఉన్నారనుకోండి, మొత్తానికి అంతమే ఉండదు. మూడిట్లోనూ చివరికి మిగిలేవి లెక్కలేనన్ని ముక్కలూ, ఒక్కోటి సున్నానూ. జవాబులు మాత్రం మూడు." మసనారి ముక్కలన్నీ కూడదీసి మళ్ళీ ముద్ద చేశాడు. "అందుకని కాలేజీలో ఈ లెక్కకి జవాబు రాయొద్దంటాను నేను. సున్నా ఎలా సున్నా అయింది, లెక్కలేనన్ని ఎలా అన్ని అయ్యాయి, ముందు ఆ కథ అడగమంటాను. మూడుని అయిదుతో గుణించడానికి కథ అక్కర్లేదని మిమ్మల్ని చూసి అందరూ నవ్వుతారు టీచరుగారూ. ఇక్కడికొచ్చేసరికి మీరే రైటు. కథ తెలియకపోతే ఇది లెక్కే కాదు."

"విన్నావటే?" అంది మినెకో కూతురితో. క్షణం కింద నీరుకారిపోయిన మనిషి ఒక్కసారిగా నిటారుగా నిలబడింది. "ముప్పై ఏడేళ్ళు మొత్తుకున్నాను. ఒక్కడంటే ఒక్కడు ఒప్పుకున్నాడా?"

"సంతోషించావులే," అంది చిగుసా. కానీ సంచి కింద పెట్టింది.

మినెకో ఆ ఊపులోనే మసనారి వైపు తిరిగింది. "అయితే నీ లెక్కకి కథ ఉండాలి కదా. ఏమిటది? ఆ పళ్ళేలు ఎక్కడివి? సున్నా ఎలా వచ్చింది?"

మసనారి చేతులు పిండి మీద ఆగాయి.

"మా బామ్మవండీ."

ఎర్రవంతెన పక్కన తోమె బామ్మ దంగో కొట్టు మినెకోకి తెలియకపోవడమేమిటి! సోయా పూసి నిప్పుల మీద కాలుస్తుంటే వాసన బడి మెట్ల దాకా వచ్చేది. ప్రతి శనివారం ఇంటికి వెళుతూ అక్కడ ఆగి దంగోలు గుచ్చిన పుల్లలు అయిదు కట్టించుకునేది. తోమె బామ్మ కొసరుగా ఆరో పుల్ల పెట్టి, టీచరమ్మకి గొంతు నొప్పెడుతుంది పాపం అనేది.

"ఆ జనవరిలో బామ్మ కొట్లోనే పడిపోయింది. కుడివైపు పనిచేయలేదు. అమ్మ ఆస్పత్రిలోనే ఉండేది. బడి అయ్యాక నేను వెళ్ళి మూసిన కొట్లో కూర్చునేవాణ్ణి. అలమరల్లో కప్పుదాకా పళ్ళేలు ఉండేవి. పనిలేక లెక్కపెట్టేవాణ్ణి. వంద దాటాక తప్పిపోయేవాణ్ణి, మళ్ళీ మొదట్నుంచి. ఎన్నిసార్లు లెక్కపెట్టినా అయ్యేవి కావు. దేంట్లోనూ ఏమీ ఉండేది కాదు." అతను మామూలుగానే చెబుతున్నాడు. పిండి అంటిన వేళ్ళు మాత్రం ఒకదాన్నొకటి రుద్దుకుంటున్నాయి. "మీరు సున్నా ముందు రాయమన్నారు. మా ఇంట్లో పళ్ళేలే ముందండీ. సున్నా తరవాత వచ్చింది. తిప్పి రాస్తే, బామ్మ కొట్లో ఎప్పుడూ ఏమీ లేనట్టుంటుంది. అప్పుడు నాకది చెప్పడం రాలేదు. రాయబుద్ధి కాలేదు, అంతే."

మినెకోకి ఇంకో సంగతి గుర్తొచ్చింది. గుర్తు రాకుండా ఉంటే బాగుండేదనిపించింది. ఆ చలికాలంలోనే ఒకరోజు వసారాలో వాణ్ణి ఆపి అడిగింది. నుమాతా, మీ బామ్మ కొట్టు ఎప్పుడు తెరుస్తుంది, శనివారాలు నోరు చప్పగా ఉంటోంది అని. నవ్వుతూ అడిగింది. తెలీదు టీచర్ అన్నాడు వాడు. ఆ వారంలోనే ఈ కాగితం కొట్టేసింది. కొట్టు మూసి ఉన్నదని తెలుసు, వాడు ఆ కొట్టు పిల్లవాడని తెలుసు, లెక్కలో దంగోలున్నాయని తెలుసు. అన్నీ కళ్ళెదుటే ఉన్నాయి. తను చూసింది ఏది ముందు ఏది వెనక అన్నదొక్కటే. ఆవిడకు తన మీద తనకే అసహ్యం వేసింది.

"జవాబు ఎందుకు రాయలేదు?" అని అడిగింది.

"మీరు చెప్తారని," అన్నాడు మసనారి. "బామ్మ లేస్తుందా లేదా అని ఇంట్లో అడిగితే ఎవరూ చెప్పలేదు. మీకైతే అన్నీ తెలుసనుకున్నా."

మినెకో వంటింట్లోంచి బయటికి వచ్చింది. బల్ల మీద కాగితం అలాగే ఉంది. ఖాళీగా వదిలిన చోట ఆవిడ చేతి ఎర్రసున్నా గుండ్రంగా, అందంగా ఉంది. ఏడేళ్ళ పిల్లవాడు ఆ సున్నాను ఇంటికి పట్టుకెళ్ళాడు. మినెకో కుర్చీ వెనక భాగం పట్టుకుని, అలాగే కూలబడింది. కళ్ళనీళ్ళు బొటబొటా రాలుతుంటే దాచుకోవాలన్న ఆలోచన కూడా రాలేదు. చిగుసా కంగారుగా వచ్చి పక్కన కూర్చుంది. తల్లి ఏడవడం నాన్న పోయినప్పుడు కూడా చూడలేదు.

"అయ్యో, అందుకు చెప్పలేదండీ," అన్నాడు మసనారి. "బామ్మ ఆ తరవాత పదకొండేళ్ళు బతికింది. ఎడమచేత్తో పిండి పిసకడం నేర్చుకుంది. నాగోయాలో మా ఇంటి వాకిట్లో ప్రతి ఆదివారం దంగోలు కాల్చి వీధి వీధంతా పంచేది. నాకూ ఎడమచేత్తోనే నేర్పింది. కుడిచేత్తో నాకిప్పటికీ రాదు." అతను నవ్వాడు. "మీ జవాబు తప్పయింది టీచరుగారూ. అది చెబుదామనే తెచ్చాను."

మినెకో ముక్కు తుడుచుకుంది. ఆ కాగితాన్ని తన ముందుకు లాక్కుంది.

"పెన్సిలు ఉందా?" అంది.

"ఎందుకమ్మా?"

"తప్పు రాసినవాళ్ళు దిద్దాలి. పిల్లలకైతే ఒక రూలు, నాకొకటీనా?"

చిగుసా సంచిలోంచి పెన్సిలు తీసి ఇచ్చింది. మినెకో తన ఎర్రసున్నా మీద పెన్సిలుతో అడ్డంగా గీత కొట్టింది. తన వరస మీద కూడా కొట్టింది. కింద, పిల్లలు రాసేంత పెద్ద అక్షరాలతో, ఒక్కో గీతా వరసగా రాసింది: "లెక్కలేనన్ని ఇంటూ సున్నా. పళ్ళేలు ముందు. జవాబు నాకు తెలియదు. ముందే అడిగి ఉండాల్సింది." పేరు రాసింది. తరవాత కాగితాన్ని రెండు చేతులతో అతని వైపు జరిపి, తల బల్లకు ఆనేంతగా వంచింది. దాని పక్కన ఎర్రపెన్ను పెట్టింది.

"చూడండి, నుమాతా మాస్టారూ."

మసనారి చేతులు కడుక్కుని వచ్చాడు. కాగితం రెండుసార్లు చదివాడు. రెండోసారి చదవడానికి చాలా సమయం పట్టింది. ఎర్రపెన్ను తీసుకుని ఒకవైపు నుంచి మొదలుపెట్టి, ఒక రేకు, ఇంకో రేకు, మరో రేకు గీసుకుంటూ పోయి, ఆఖర్న మధ్యలో సున్నా చుట్టాడు. పువ్వు ఒక పక్కకు ఒరిగింది. ఒక రేకు మిగతావాటికి సగం ఉంది.

ఇరవయ్యారేళ్ళు ఆగిన పువ్వది. మినెకో దాన్ని చూసి మళ్ళీ ఏడవబోయి, ఆగి, పెదవులు బిగించింది. వేళ్ళు బల్ల మీద ఆడాయి.

"చెప్పెయ్యమ్మా," అంది చిగుసా. "కడుపులో పెట్టుకుంటే నీకు అన్నం సహించదు."

"ఏం లేదు."

"అమ్మా."

"సున్నా ముందు చుట్టాలి," అంది మినెకో గబగబా. "రేకులు తరవాత. లేకపోతే ఇదిగో, ఇలా ఒరుగుతుంది."

చిగుసా బల్ల మీద తల పెట్టి పడీపడీ నవ్వింది. మినెకో లేచి పొయ్యి వెలిగించి, దంగోలు చేయమని మసనారి ముందుకు తొట్టి తోసింది. కాల్చి సోయా పూసినవి దించాక, అలమరలోంచి పళ్ళేలు తీసింది. ముగ్గురికీ మూడు, భర్త ఫోటో ముందు ఒకటి. ఒక క్షణం ఆగి, దాని పక్కనే తోమె బామ్మకు ఒకటి. అన్నిట్లో మూడేసి పెట్టింది. మసనారి ఆ అయిదో పళ్ళెం వైపు చూశాడు. ముందుగా దాని ముందే చేతులు జోడించాడు.

సాయంత్రం రైలుకి బయల్దేరుతూ, అతను చెప్పులు వేసుకోవడానికి వంగి, కాగితం ఉన్న కవరును సంచిలో పెట్టుకున్నాడు.

"పువ్వు సరిగ్గా దిద్ది తీసుకొస్తానండీ, అత్తయ్యగారూ."

ఆ చివరి మాట విని మినెకో తలుపు పట్టుకుంది. ఎప్పుడు తెస్తావని అడిగితే ఎక్కడ వచ్చే నెల అంటాడోనని, తనే ముందు చెప్పేసింది.

"మూడు రోజులు. నా దగ్గర దిద్దుబాటుకి గడువు మూడు రోజులే. చిగుసాని కూడా వెంటబెట్టుకుని రా."